ఎక్స్‌రే బాగుంది, చెయ్యి మాత్రం లేవటం లేదు

సమస్య: నా వయసు 52. పదేళ్లుగా మధుమేహం ఉంది. మూడు నెలలుగా ఎడమ భుజం నొప్పి. జడ వేసుకోవటానికి చెయ్యి లేవటం లేదు. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వచ్చేస్తోంది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు. మెడ ఎముకల అరుగుదల అయ్యుంటుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. కారణమేంటి?
- ఒక పాఠకురాలు

సలహా: నొప్పి ఎడమవైపు కాబట్టి ముందుగా ఒక విషయం గమనించాలి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతోందా? ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటున్నాయా? మధుమేహం ఉన్నవారికి ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు కాబట్టి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా భుజం సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అయితే మీరు రాసినదాన్ని బట్టి సమస్య భుజం కీలులోనే ఉన్నట్టు అనిపిస్తోంది.

మెడ నుంచి వచ్చే నొప్పి సాధారణంగా మెడ తిప్పినప్పుడు ఎక్కువవుతుంది, మోచేయి దాటి వేళ్ల వరకూ తిమ్మిరిగా పాకుతుంది. మీరు ఇలాంటివేవీ రాయలేదు కాబట్టి మెడ అరుగుదల కారణం కాకపోవచ్చు.

ఇక మిగిలినవి ప్రధానంగా రెండు. భుజాన్ని తిప్పే నాలుగు కండరాల చివర్లు ఎముకకు అతుక్కునే చోట, అంటే రొటేటర్ కఫ్ దగ్గర దెబ్బతినటం ఒకటి. కీలును చుట్టి ఉండే పొర మందమై బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ మరొకటి. మోచేతిని వంచి నడుముకు ఆనించి, ముంజేతిని బయటివైపు తిప్పి, కుడిచేత్తో పోల్చి చూడండి. తర్వాత ఎడమచేతిని వదులుగా ఉంచి, ఇంట్లోవాళ్లను నెమ్మదిగా తిప్పమనండి. రొటేటర్ కఫ్ సమస్యయితే మీరు ఎత్తలేని చెయ్యి వేరేవాళ్లు పట్టుకుని ఎత్తితే చాలావరకూ లేస్తుంది. ఎవరు తిప్పినా ఒకచోటికి వచ్చి ఆగిపోతే ఫ్రోజెన్ షోల్డర్ అని అనుమానించాలి. కీలు అరిగినా ఇలాగే ఆగుతుంది గానీ, మీ ఎక్స్‌రే బాగుంది. ఫ్రోజెన్ షోల్డర్ 40-60 ఏళ్ల మహిళల్లో, మధుమేహం, థైరాయిడ్ సమస్యలున్న వారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆర్థోపెడిక్ నిపుణులతో పరీక్ష చేయించుకుని, గత మూడు నెలల చక్కెర సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. ఫ్రోజెన్ షోల్డర్ అయితే తగ్గటానికి ఒకటి నుంచి మూడేళ్ల వరకూ పట్టొచ్చు. ఆ బాధ చిన్నది కాదని నాకు తెలుసు. కీలులోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తగ్గి వ్యాయామం చేయటం తేలికవుతుంది, కానీ కొన్నిరోజులు చక్కెర పెరుగుతుంది కనుక రోజూ పరీక్షించుకోవాలి. నొప్పికి భయపడి చేతిని కదపకుండా ఉంచుకోవద్దు. అలాగని ఎవరిచేతా బలవంతంగా లాగించుకోవద్దు.