జింక్ ఆక్సైడ్‌కి అయస్కాంతత్వం ఎక్కడిది?

ప్రశ్న: సార్, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి జింక్ ఆక్సైడ్‌లో 5 శాతం కోబాల్ట్ కలిపి పౌడర్ చేశాను. అయస్కాంతత్వం కొలిచే వీఎస్ఎం యంత్రంలో పెడితే గది ఉష్ణోగ్రతలోనే హిస్టెరిసిస్ లూప్ (ఇనుము లాంటి అయస్కాంతత్వానికి గుర్తు) వచ్చింది. గాలిలో వేడిచేశాక లూప్ బాగా చిక్కిపోయింది. టెన్షన్ ఏంటంటే, ఏమీ కలపని జింక్ ఆక్సైడ్‌కి కూడా చిన్న లూప్ వచ్చింది! గైడ్ "ఆక్సిజన్ ఖాళీల వల్ల" (అంటే ఆక్సిజన్ పరమాణువు ఉండాల్సిన చోట లేకపోవడం వల్ల) అని రాసేయమంటున్నారు. రాసేయనా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అప్పుడే రాసేయకమ్మా. మీ గైడ్ మాటలో పస లేదని కాదు.

చిన్న లెక్క చూడు. జింక్ ఆక్సైడ్‌లో ఒక్కో జింక్‌కి దగ్గరి జింక్ స్థానాలు 12. కోబాల్ట్ 5 శాతమంటే ఆ పన్నెండింటిలో సగటున 0.6, అంటే సగానికి పైగా కోబాల్ట్‌లకి పక్కన మరో కోబాల్టే ఉండదు. పోనీ రెండు కోబాల్ట్‌లు పక్కపక్కన పడ్డాయే అనుకో, మధ్యలో ఉన్న ఆక్సిజన్ వాటి స్పిన్‌లని (ఒక్కో పరమాణువులోని బుల్లి అయస్కాంతాల్ని) చాలావరకు ఎదురెదురుగా తిప్పేస్తుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మరి దూరదూరంగా ఉన్నవాటిని ఒకే దిక్కుకి తిప్పేదెవరు? ఆక్సిజన్ ఖాళీ అయిన చోట మిగిలిపోయిన ఎలక్ట్రాన్ ఒక్క పరమాణువుకే అతుక్కోకుండా చుట్టూ కొంతమేర పరుచుకుంటుంది, ఆ పరిధిలోకొచ్చిన కోబాల్ట్‌లన్నిటినీ ఒకే వైపుకి మళ్లిస్తుంది. 2005లో భౌతిక శాస్త్రవేత్త కోయీ బృందం ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇదే. గాలిలో వేడిచేస్తే ఖాళీలు పూడతాయి, లూప్ తగ్గుతుంది. నీ ఫలితానికి అతికినట్టు సరిపోయింది కదా?

చిక్కంతా అక్కడే. కోబాల్ట్ జింక్ స్థానంలోకి వెళ్లకుండా లోహంగానే చిన్నచిన్న ముద్దలు కట్టినా లూప్ వస్తుంది, గాలిలో వేడిచేస్తే ఆ లోహం కూడా ఆక్సైడై లూప్ తగ్గుతుంది! రెండు కథలకీ ముగింపు ఒకటే. అంత కొంచెం లోహం ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో కనబడకపోవచ్చు కాబట్టి అది చూసి ధైర్యపడకు, కోబాల్ట్ లోహంగా ఉందో ఆక్సైడ్‌గా ఉందో చెప్పే ఎక్స్‌పీఎస్ పరీక్ష చేయించు.

ఇక ఏమీ కలపని శాంపిల్ సంగతి. జింక్, టిన్, సీరియం లాంటి ఆక్సైడ్‌ల నానో రేణువులకి గది ఉష్ణోగ్రతలోనే ఫెర్రో అయస్కాంతత్వం కనిపించిందని 2006లో బెంగళూరులో సుందరేశన్, సి.ఎన్.ఆర్. రావు బృందం ప్రకటించింది, ఉపరితలం మీది ఆక్సిజన్ ఖాళీలే కారణమంది. నీదీ అదే కావచ్చు. స్టీలు పటకారు నుంచి అంటుకున్న ఇనుమూ కావచ్చు. కారం పట్టిన మరలోనే బియ్యప్పిండి పట్టిస్తే ఏమవుతుందో గుంటూరు పిల్లకి నేను చెప్పాలా? హాఫ్నియం ఆక్సైడ్ పొరల విషయంలో ఈ పటకారు గొడవ నిజంగానే జరిగింది.

ప్లాస్టిక్ పటకారుతో, కొత్త సీసాలో మళ్లీ చెయ్. అన్నట్టు, శాంపిల్ పెట్టే హోల్డర్‌ని ఖాళీగా ఉంచి ఒక రన్ వేశావా? ముందు అది.