బండి నడిస్తే ఫర్వాలేదు, నిలబెడితేనే చిక్కు

ప్రశ్న: నాది 2018 నాటి 390 సీసీ బైక్, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 12 పైనే. ట్యాంకు మూత దగ్గర ఈ10 (10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) వరకే అని రాసి ఉంది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20 పోస్తున్నారు. నాకింగ్ (ఇంధనం వేళ కాని వేళ పేలినట్టు మండడం) వచ్చి పిస్టన్ పోతుందని భయపెడుతున్నారు. ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) పెంచే బూస్టర్ వాడాలా? వానాకాలంలో నెలన్నర బండి బయటికి తీయను.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బూస్టర్‌కు డబ్బు పెట్టకండి. ఈ20 ఆక్టేన్ 95. ఇథనాల్ ఆవిరవుతూ ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరుస్తుంది కూడా. దానివల్ల నాకింగ్ తగ్గుతుందే గానీ పెరగదు.

మారేది గాలి, పెట్రోలు మిశ్రమం. బరువు లెక్కన ఒక పాలు ఈ10 మండడానికి 14.1 పాళ్ల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. అంటే ఇంధనం 4 శాతం ఎక్కువ పడాలి. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన ప్రకారం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సర్దుకుంటుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం మ్యాప్‌లో (ఇంధనం ఎంత పోయాలో ఈసీయూలో రాసి ఉన్న పట్టికలో) ఉన్నంతే పోస్తుంది. కంపెనీ మ్యాప్ అక్కడ ముందే రిచ్‌గా (ఇంధనం కాస్త ఎక్కువగా) ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్ మార్చి మ్యాప్ మార్చకపోతే ఆ వెసులుబాటు ఉండదు. అలాంటి బండిని డైనో (బండిని నిలిపి నడిపి పరీక్షించే యంత్రం) మీద, మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో చూపించాల్సిందే. మైలేజి 3, 4 శాతం తగ్గుతుంది.

మీకు అసలు ప్రమాదం ఆ నెలన్నరే. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, మీది సముద్రపు గాలి. నీరు మోతాదు మించితే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. పంపు ముందు లాగేది దాన్నే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది. మీ కంప్రెషన్‌కు నాకింగ్ వస్తే అప్పుడే వస్తుంది.

బండి ఆపే ముందు ఇథనాల్ లేని 100 ఆక్టేన్ పెట్రోలు దొరికితే, అందులో ఇథనాల్ లేదని బంకులో అడిగి తేల్చుకుని, ట్యాంకు నిండా పోయించి పది నిమిషాలు నడపండి. తిరిగి తీసేటప్పుడు, మంటకు దూరంగా, ట్యాంకు అడుగు నుంచి 100 మి.లీ. గాజు సీసాలోకి తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీతలా కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి. కుదిపినా, మందు పోసినా అది మళ్లీ కలవదు. పంపు విప్పితే దాని రబ్బరు ఓ-రింగ్ కొత్తది వేయండి. ఉబ్బిన పాతది గాడిలో కూర్చోదు.

ప్రశ్న: ఈ20 పోయించాలంటే నా పాత టూ స్ట్రోక్ బైక్ ఆర్డీ350కి ఏం చేయాలి? దానికి ఫైబర్ ట్యాంకు వేయించాను.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ఆ ట్యాంకు సంగతి. పాత పాలియెస్టర్ రెజిన్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది. కరిగిన జిగురు కార్బురేటర్‌లోకి దిగి జెట్లను (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలను) మూసేస్తుంది. ఇనుప ట్యాంకుకు మారండి. కార్బురేటర్ తనంతట తాను సర్దుకోలేదు. టూ స్ట్రోక్‌లో మిశ్రమం పల్చబడితే పిస్టన్ పట్టేస్తుంది. రెండు కార్బురేటర్లకూ మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఫుల్ థ్రాటిల్‌లో నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్గులు చూడండి. ప్లగ్గు కొన పింగాణీ తెల్లగా ఉంటే ఇంకో సైజు పెంచాలి. పెట్రోలు పైపులు ఇథనాల్‌ను తట్టుకునే విటాన్ రబ్బరువి వేయండి. వారానికి మించి ఆపితే పెట్రోల్ కాక్ మూసి, ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ కింది గిన్నె) అడుగు స్క్రూ వదిలి ఖాళీ చేయండి. లేదంటే బౌల్ లోపల తెల్లటి పొడి పేరుకుని పైలట్ జెట్ మూసుకుపోతుంది.