పైపు పట్టుకునేది అన్న, గురి చూసేది చెల్లి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా పాపకి అయిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల ఒళ్లు స్వాధీనంలో ఉండని స్థితి) అన్నారు. ఆనుకుంటే కూర్చుంటుంది, నడవలేదు. కుడి చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది, ఎడమ చేత్తో వస్తువులు తోస్తుంది. రెండు మూడు మాటలు తప్ప రావు. నేర్పిన ఎక్సర్‌సైజులు రోజూ సాయంత్రం చేయిస్తాను. చాప పరిస్తే చాలు, ఏడుపు లంకించుకుంటోంది. ఆడిస్తూ చేయించమన్నారు. ఏ ఆటైనా తను చూస్తూ ఉండటమే, ఆడేది నేనే. ఎనిమిదేళ్ల బాబు మొదట్లో దగ్గర కూర్చునేవాడు, ఇప్పుడు వీధిలోకి పారిపోతున్నాడు. మావారు చెన్నైలో పని చేస్తారు. మా అత్తగారు ‘దానికేటి తెలుస్తాది, ఎందుకలా ఏడిపిస్తావు’ అని ఫోను చేతికిచ్చేస్తున్నారు. ఖరీదైన బొమ్మలు కొనలేం. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ చాప సంగతి చూద్దాం. చాప పరిస్తే కాళ్లూ చేతులూ లాగుతారని పాపకి తెలిసిపోయింది. అదే చాప మీద బొమ్మలు పెట్టి ఆడుకుందాం రా అంటే ఎలా నమ్ముతుంది? ఎక్సర్‌సైజులు మానొద్దు. వాటికి ఆ చాపే ఉంచి, ఆటకి ఇంట్లో వేరే చోటు చూడండి. ఆడేటప్పుడు ‘చెయ్యి చాపు, ఇంకా చాపు’ అనకండి. ఆట పేరుతో హోంవర్క్ చేయిస్తే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. ఏడుపు ఎప్పుడూ ఒకే భంగిమలో మొదలవుతుంటే మాత్రం అది నొప్పి కావచ్చు. ఆ భంగిమ ఆపి, థెరపిస్టుకి చూపించండి.

రెండు గోడలు కలిసే మూల ఆటకి బాగుంటుంది. పాపని ఆ మూలలో ఓ చిన్న పీట మీద, నడుము కింది భాగం గోడకి ఆనేలా, పాదాలు నేలకి తగిలేలా కూర్చోబెట్టండి. పక్కకి ఒరగకుండా అటూ ఇటూ దిళ్లు పెట్టండి. పడిపోతానన్న భయం ఉన్నంతసేపూ పిల్లల ధ్యాసంతా ఒళ్లు నిలబెట్టుకోవడం మీదే ఉంటుంది. కుదురుగా కూర్చోగలిగితే చెయ్యి ఆటకి ఖాళీ అవుతుంది. పెద్దవాళ్లు ఎవరో ఒకరు చేతికందేంత దూరంలో ఉండాలి.

ఇక ఆట. పారాలింపిక్స్‌లో 1984 నుంచి బోచియా అనే ఆట ఉంది. తెల్ల బంతికి ఎవరి బంతులు దగ్గరగా చేరితే వాళ్లది గెలుపు. బంతి విసరలేని ఆటగాళ్లు ఏటవాలు ర్యాంపు మీంచి దొర్లిస్తారు. ర్యాంపుని జరిపే సహాయకుడు కోర్టు వైపు వీపు పెట్టే ఉండాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. ఎటు జరపాలో, ఎప్పుడు వదలాలో తేల్చేది ఆటగాళ్లే. నాకీ రూలు చాలా ఇష్టం. సాయం చేసేవాడి చేతుల్లోకి ఆట వెళ్లిపోకుండా కట్టిన కట్టుబాటు అది.

మీ ఇంట్లోనూ ఇది ఆడొచ్చు. ఇల్లు కట్టగా మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. అంచులు గీసుకోకుండా గుడ్డ చుట్టండి. ఒక కొస పాప ఎడమ చేతి దగ్గర స్టూలు మీద, రెండో కొస నేల మీద. కింద మూడు ఖాళీ నీళ్ల సీసాలు నిలబెట్టి, వాటిలో గుప్పెడు గులకరాళ్లు వేసి మూత గట్టిగా బిగించండి. పడితే బాగా చప్పుడవ్వాలి, అదే పాపకి బహుమతి. బాబు సీసాల వైపు వీపు పెట్టి పైపు పట్టుకుంటాడు. పాప కళ్లతో చూపించినా, చేత్తో పైపుని తోసినా అటు జరుపుతాడు. పైకొస ముందు స్టూలు మీద పెట్టిన టెన్నిస్ బంతిని పాప పైపులోకి తోస్తుంది. గురి తప్పితే తప్పనివ్వండి, మీరు సర్దకండి.

అన్నిటికంటే కష్టం మీకే: ఆగడం. ‘తొయ్యి’ అన్న మాట విని, చెయ్యి కదిలేలోపు మన పిల్లలకి చాలా టైం పడుతుంది. మనసులో పది లెక్కపెట్టండి. ఆ లోపు మళ్లీ చెప్పొద్దు, చెయ్యి పట్టుకుని తోయించొద్దు. ఉత్సాహం ఎక్కువైతే ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది. దాన్ని మొండితనం అనుకోకండి, కాసేపు ఊరుకుంటే సడలుతుంది.

బాబు పారిపోవడం నాకు తప్పుగా తోచలేదు. చెల్లిని ఆడించడం వాడి డ్యూటీ అయిపోయింది, ఆటలో వాడికేమీ లేదు. ఇప్పుడు వాడికీ వంతు ఇవ్వండి, వాడూ పైపులోంచే దొర్లించాలి, నిజంగా గెలవాలి. పాపం చెల్లి అని ఓడిపోనక్కర్లేదు. ఓడినందుకు పాప ఏడిస్తే ఆ ఏడుపు చాప మీద ఏడుపు లాంటిది కాదు, ఆటలో ఉన్న ఏ పిల్లైనా ఏడ్చేదే. పావుగంట అయ్యాక వాడి క్రికెట్‌కి వాణ్ణి వదిలేయండి.

వీధి పిల్లలు వస్తే దాగుడుమూతల్లో పాపని తల్లిని చెయ్యండి. అందరూ పరుగెత్తుకొచ్చి ముట్టుకోవాల్సింది తననే. ప్రతిసారీ తల్లే అయితే అదీ ఓ మూల కూర్చోబెట్టినట్టే, అందుకని మధ్యమధ్య మీరెత్తుకుని ఇద్దరూ కలిసి దాక్కోండి. కాళ్లాగజ్జాకి కాళ్లు చాపాలి కదా, మోకాళ్ల కింద మడత దుప్పటి పెడితే తొడ వెనక కండరాలు లాగవు. చింతపిక్కలూ గోళీలూ వద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.

అత్తగారితో వాదనకి దిగకండి. ఆవిడ ఏడుపు చూడలేకపోతున్నారు, అంతే. ఆవిడకో పని అప్పజెప్పండి. పాపకి బాగా తెలిసిన పాట పాడుతూ మధ్యలో ఠక్కున ఆపేసి, పాప మొహం చూస్తూ ఊరుకోమనండి. పాప ఊ అన్నా, చెయ్యి ఆడించినా వెంటనే మళ్లీ అందుకోవాలి. మాట రాకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. ‘దానికేటి తెలుస్తాది’ అన్నదానికి జవాబు మీకంటే పాపే బాగా చెబుతుంది. ఫోను ఒక్కసారిగా లాక్కుంటే ఇద్దరూ అలుగుతారు, ముందు ఈ పాట వేళ మాత్రం దాచండి. చెన్నై నుంచి మీవారు వీడియో కాల్ చేసినప్పుడు ఫోను సీసాల పక్కన నిలబెట్టి, ఎన్ని పడ్డాయో ఆయన్ని చెప్పమనండి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం వాళ్లు నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో బడిలో అడిగితే చెబుతారు. అక్కడి ప్రత్యేక టీచరుకి మూలలో పాప కూర్చున్న ఫోటో చూపించి, నడుము సరిగ్గా ఉందో లేదో అడగండి. వచ్చే ఏడు పాపకి ఆరు నిండుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది. వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం సర్టిఫికెట్ ఇంకా లేకపోతే బడిలో చేర్చేలోపే ఆ పని చూసుకోండి.