మైనస్ 30 డిగ్రీల చలిలో కారు ప్లగ్ పెట్టడం గురించి, కొత్తగా వచ్చినవాళ్ళకి

కెనడాలో ఎడ్మంటన్, సస్కటూన్, విన్నిపెగ్ వైపు కొత్తగా వచ్చే మనవాళ్ళు తరచుగా అడుగుతుంటారు, "అన్నా, ఇక్కడ కార్లకి ముందు ప్లగ్గు వేలాడుతోంది, ఇవన్నీ ఎలక్ట్రిక్ కార్లా?" అని. కాదు. అది బ్లాక్ హీటర్ వైరు. మన బకెట్లో వేసే వాటర్ హీటర్ రాడ్ లాంటిదే, కాకపోతే ఇంజన్ లోపల తిరిగే కూలెంట్ అనే ద్రవాన్ని వేడి చేస్తుంది. మైనస్ 15 దాటిందంటే పెట్టేయండి. మైనస్ 30లో పెట్టకపోతే ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ బలం సగానికి పైగా పోయి, పొద్దున్నే తాళం తిప్పితే టక్ టక్‌మని ఊరుకుంటుంది.

అలాగని రాత్రంతా పెట్టి ఉంచక్కర్లేదు, మూడు నాలుగు గంటలు చాలు, ఆ తర్వాత ఎంత సేపు ఉంచినా ఇంజన్ ఇంకా వేడెక్కేదేం ఉండదు. 400 వాట్ల హీటర్ పది గంటలకి 4 యూనిట్లు తింటుంది, మూడు గంటలకైతే యూనిట్‌కి కాస్త ఎక్కువ. బయట వాడే టైమర్ ఒకటి కొనుక్కోండి, ఏడింటికి బయల్దేరేవాళ్ళు నాలుగింటికి పెట్టుకుంటే సరి. 2024 జనవరిలో ఎడ్మంటన్ ఉండే అల్బర్టా రాష్ట్రంలో కరెంటు చాలక ఫోన్లన్నిటికీ హెచ్చరిక వచ్చింది, అప్పుడు ప్రభుత్వం కాసేపు ఆపమన్నవాటిలో ఈ బ్లాక్ హీటర్లు కూడా ఉన్నాయి, దాన్నిబట్టి ఊరంతా కలిసి ఎంత లాగుతామో చూసుకోండి.

చలి తక్కువుండే వాంకూవర్ వైపు నుంచి సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకుంటే జాగ్రత్త, చాలావాటికి హీటరే ఉండదు. గ్రిల్‌లో వెతకండి, ఒక్కోసారి వైరు బంపర్ వెనక కట్టేసి ఉంటుంది. అక్టోబర్‌లోనే ప్లగ్ పెట్టి చెవి ఆనించి వినండి, కాసేపట్లో నీళ్ళు కాగే ముందు వచ్చే సన్నని చప్పుడు వస్తే పనిచేస్తున్నట్టే. డిసెంబర్‌లో మెకానిక్ దగ్గరికెళ్తే వారాల తరబడి అపాయింట్‌మెంటే దొరకదు.

ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. ఇంట్లో వాడే సన్న వైరు చలికి కర్రలా బిగిసి, పగిలి, లోపల వేడెక్కుతుంది. బయటికి పనికొచ్చే 14 గేజ్ లేదా అంతకంటే లావుది తీసుకోండి (గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు). పొద్దున హడావిడిలో ప్లగ్ పీకడం మర్చిపోయి వైరు ఈడ్చుకుపోయేవాళ్ళు ప్రతి చలికాలం కనిపిస్తారు, అందుకే ఇక్కడివాళ్ళు వైరుని కళ్ళకి కనబడేలా డ్రైవర్ వైపు సైడ్ మిర్రర్‌కి చుట్టి పెడతారు.

ఇంకొకటి, గదిలో వాడే హీటర్ తీసుకెళ్ళి కారు సీటు మీద పెట్టే తెలివి ఎవరైనా చెబితే వినకండి, నిప్పంటుకుంటుంది. బోటు కొన్నవాళ్ళకీ అదే మాట, పెట్రోల్ ఆవిరి ఉండే ఇంజన్ గదిలో మామూలు హీటర్ పెడితే ఒక్క నిప్పురవ్వ చాలు. బోటుని ఒడ్డుకి తెచ్చి, ఇంజన్‌లో నీళ్ళు తీసేసి, గడ్డకట్టకుండా చూసే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి వసంతం దాకా వదిలేయండి.

ఇన్ని చేసినా కారు స్టార్ట్ కాకపోతే హీటర్‌ని తిట్టకండి, ముందు బ్యాటరీ వయసు చూడండి, నాలుగైదేళ్ళు దాటితే మార్చేయడమే.