అమ్మలుకి అత్త ఉత్తరం

అమ్మలూ,

పీజీ అవ్వగానే మన మండలంలోనే పాతిక పడకల ఆసుపత్రిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పట్టలేక పక్కింటావిడకి కూడా చెప్పేశాను. రాత్రి మాత్రం కంటిమీద కునుకు లేదు.

సెగగడ్డ మెత్తబడితే కోసి చీము తీసెయ్యి, మందులతో కాలక్షేపం చెయ్యకు. చలిజ్వరంతో వస్తే మొదటి సూది పడకముందే రెండు చేతుల నుంచీ బ్లడ్ కల్చర్‌కి, అదే రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి, రక్తం తియ్యి. వాంకోమైసిన్ యాంటీబయాటిక్ ఒక గ్రాముని కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కించు. ఇవన్నీ నీకు తెలుసులే. నాకూ తెలుసు, అయినా చూడు ఏం చేశానో.

నీకప్పుడు రెండేళ్ళు. నాట్ల రోజులు. కాలిమీద గడ్డ, ఒణుకుతో ఒక కూలీ వచ్చాడు. కల్చర్‌లో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే చీము క్రిమి, క్లాక్సాసిలిన్‌కి లొంగే రకమే. ఆరు గంటలకోసారి రెండు గ్రాములు నరంలోకి ఇచ్చాం. మూడో రోజుకి జ్వరం దిగింది. ఐదో రోజు "నాట్లు పోతున్నాయమ్మా, పంపించెయ్యండి" అన్నాడు. మాత్రలు రాసి పంపేశాను. మళ్ళీ కల్చర్ లేదు, గుండెకి ఎకో స్కాన్ లేదు. రక్తంలో అది కనపడితే, రక్తం శుభ్రపడిన రోజు నుంచి కనీసం 14 రోజులు మందు నడవాలి. గుండె కవాటానికో వెన్నుకో పాకితే ఆరు వారాలు.

పదిహేను రోజులకి గోడ పట్టుకుంటూ వచ్చాడు. నడుం నొప్పిట. వంగి నాట్లేశాడు కదా అని నొప్పి బిళ్ళ ఇచ్చాను! మూడో రోజుకి కాళ్ళు కదల్లేదు. వెన్నుపూసల దగ్గర చీము. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు, బతికాడు. కుడికాలు ఈడుస్తాడు. సంతలో కనిపిస్తే నా చూపు ముందు ఆ కుడి చెప్పు మీదికే పోతుంది, ముందువైపు అరిగిపోయి ఉంటుంది. అతనేమో "డాక్టరమ్మా" అంటూ బెండకాయలు సంచిలో పోస్తాడు.

1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి పెన్సిలిన్ ఇస్తే తేరుకున్నాడు. మందు అయిపోయింది. అతని మూత్రంలోంచి తీసి మళ్ళీ ఎక్కించినా చాల్లేదు, పోయాడు. వాళ్ళు మందు లేక ఆపారే. నేను బీరువా నిండా పెట్టుకుని ఆపాను.

ఇంకోటి. రోగి తాలూకువాళ్ళు వాంకోమైసిన్ లాంటి "పెద్ద మందు" వెయ్యమని మీద పడతారు. ఎంఆర్‌ఎస్‌ఏ (క్లాక్సాసిలిన్‌కి లొంగని రకం) కాదని రిపోర్టు వచ్చాక వాంకోమైసిన్ ఆపి క్లాక్సాసిలిన్‌కో సెఫజోలిన్‌కో మారు. లొంగే రకానికి అవే మేలు. మొహమాటపడ్డావో, చెవి మెలేస్తాను.

మధ్యాహ్నం అన్నం మానకు తల్లీ. జ్వరం తగ్గినవాడు నడుం నొప్పంటూ వస్తే అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి. చెవుడొచ్చింది కానీ, ఫోన్ దిండుకిందే పెట్టుకుంటున్నాను.

మీ అత్త