పలాస కంపెనీలో వాటా గురించి మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి ప్రసాదుకు మామయ్య ఆశీస్సులు.

పలాసలో నీ స్నేహితుడు పెట్టిన జీడిపిక్కల యంత్రాల స్టార్టప్‌లో మూడు లక్షలు పెట్టాలనుకుంటున్నావని, మనలాంటివాళ్ళను ఏంజెల్ ఫండ్ల (కొత్త కంపెనీల్లో పెట్టడానికి మదుపరుల డబ్బు పోగుచేసే నిధుల) గుమ్మం తొక్కనివ్వని నిబంధనలు ఎవరి మేలుకోసమని కోపంగా రాశావు. నీ కోపంలో సగం న్యాయముంది. 2025లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ చేసిన సవరణల తరువాత ఏంజెల్ ఫండ్లలో చోటు అక్రెడిటెడ్ మదుపరులకే, అంటే ఆదాయం, ఆస్తి చూసి గుర్తింపు ఇచ్చినవారికే. వ్యక్తి ఆ గుర్తింపు పొందడానికున్న కొలతల్లో ఏడాదికి రెండు కోట్ల ఆదాయం ఒకటి, ఏడున్నర కోట్ల నికర ఆస్తి మరొకటి. డబ్బున్నంత మాత్రాన వివేకం ఉంటుందని నేను నమ్మను. బ్యాంకు ఉద్యోగంలో కాగితం చదవకుండా సంతకం పెట్టిన ధనవంతులను చాలామందిని చూశాను. అయితే ఆ కొలత చూసేది తెలివిని కాదు, డబ్బు మొత్తం పోయినా ఇల్లు గడుస్తుందా అన్నదాన్ని.

నీ విషయానికి వర్తించేది వేరే నిబంధన. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కంపెనీ షేర్లు ఇవ్వజూపవలసింది ముందుగా ఎంపిక చేసుకున్నవారికే, పేరుపేరునా ఆఫర్ లేఖ పంపి; సంస్థాగత మదుపరులను, ఉద్యోగుల పథకాలను మినహాయిస్తే ఆర్థిక సంవత్సరంలో వారు 200 మందికి మించకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. కనుక ఆ 200 మందిలో ఒకడిగా నువ్వు చట్టబద్ధంగానే చేరవచ్చు. కానీ టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా తెలిసినవాళ్ళనూ తెలియనివాళ్ళనూ చేర్చిన వాట్సాప్ గ్రూపులో ‘తలా యాభై వేలు’ అని పెట్టిన సందేశం ఆ కోవలోకి రాదు. 2012లో, జనం నుంచి డబ్బు సేకరించిన సహారా సంస్థల కేసులో, తమవారికే ఇచ్చామన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆనాటి పరిమితి 50 మంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నీ ఉత్తరంలోని చివరి పేరా. పదిమంది డబ్బు పోగుచేసి ఒకరి పేరున షేర్లు తీసుకుంటామన్నావు. సభ్యుల రిజిస్టరులో ఆ ఒక్కరి పేరే ఉంటుంది. రేపు అతను కాలం చేసినా, మనసు మార్చుకున్నా, మిగిలిన తొమ్మిదిమందీ అతని వారసులను బతిమాలుకోవలసిందే. పోనీ అప్పుగా ఇద్దామంటే, సభ్యుడు కాని బయటివాడి నుంచి ప్రైవేటు కంపెనీ తీసుకునే అప్పు సాధారణంగా డిపాజిట్ కిందికి వచ్చి నిషేధంలో పడుతుంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన స్టార్టప్‌కు కన్వర్టిబుల్ నోటు (తరువాత షేర్లుగా మార్చుకోదగిన అప్పుపత్రం) ద్వారా ఇచ్చే వీలుంది గానీ, దానికి ఒక్క విడతలో కనీసం 25 లక్షలు కావాలి.

అంచేత పెట్టదలిస్తే నీ పేరుననే పెట్టు. ముందు పీఏఎస్-4 అనే ఆఫర్ లేఖ, షేరు ధరకు ఆధారమైన రిజిస్టర్డ్ వాల్యుయర్ (విలువ కట్టే అధీకృత నిపుణుడు) నివేదిక అడుగు. నగదు ఇవ్వకు, నీ ఖాతా నుంచి, ఈ పనికే తెరిచిన కంపెనీ ప్రత్యేక ఖాతాకు పంపు, యజమాని ఫోన్ నంబరుకు కాదు. అరవై రోజుల్లో షేర్లు కేటాయించకపోతే, ఆపై పదిహేను రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. అదీ దాటితే 12 శాతం వడ్డీ కట్టాలి. కేటాయించిన పదిహేను రోజుల్లో కంపెనీ పీఏఎస్-3 అనే కేటాయింపు వివరాల పత్రం దాఖలు చేయాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో రుసుము కట్టి దాన్ని తెరిచి, జాబితాలో నీ పేరు, షేర్ల సంఖ్య చూసుకో.

అమ్ముకోవడం మరో సంగతి. ప్రైవేటు కంపెనీ నియమావళిలోనే షేర్ల బదిలీపై ఆంక్షలుంటాయి, కొనేవాడు దొరకడమూ కష్టమే. పాప చదువుకు దాచినదాన్ని ఇందులోకి తేకు. ఆఫర్ లేఖ చేతికి వచ్చాక దాని నకలు నాకు పంపు. దస్తావేజుల సంగతి తరువాత చూద్దామని అతను అంటే, డబ్బు సంగతీ అప్పుడే చూద్దామని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య