అమెరికా అంటే బయటి దేశాల వాళ్లకు ఎందుకంత కోపం?

అందరికీ కోపమే అని మీరెలా తేల్చేశారో తెలీదు. తిట్టేవాణ్ణీ, దణ్ణం పెట్టేవాణ్ణీ నేను ఒకే సాయంత్రం, ఒకే బిల్డింగులో చూశాను.

మాది రాజంపేట దగ్గర పల్లె. 1997 నుంచి పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేశాను. మా బాబాకు, అంటే యజమానికి, సాల్మియాలో సొంత బిల్డింగు ఉండేది. పైన వాళ్ల కుటుంబం, కింద గేటు పక్కన నా గది, దాన్నానుకుని హారిస్ గది. హారిస్ అంటే వాచ్‌మన్. ఈజిప్టు మనిషి, యాభై దాటినవాడు.

అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగాక, 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్‌లో సద్దాం విగ్రహం పడగొట్టారు కదా, ఆ సాయంత్రం పైన దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గదిలో, ఇరవై మంది దాకా టీవీ ముందు కూర్చున్నారు. నేను టీ గ్లాసులు అందిస్తున్నా. విగ్రహం వంగడం మొదలవగానే మా బాబా లేచి నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. 1990లో ఇరాక్ సైన్యం ఆయన తమ్ముణ్ణి ఇంట్లోంచి పట్టుకుపోయింది. మరుసటి ఫిబ్రవరికల్లా అమెరికా, దాని తోటి దేశాలు కలిసి ఇరాక్‌ను తరిమేశాయి గానీ, అలా పోయినవాళ్లలో దాదాపు ఆరు వందల మంది జాడ తెలియలేదు. ఈయన తమ్ముడూ అందులోనే. ఆయన ముందు అమెరికాను ఒక్క మాట అంటే ఆ నెల జీతం మీద ఆశ వదులుకోవాల్సిందే.

పది దినార్లు చేతిలో పెట్టి, స్వీట్లు తెచ్చి అందరికీ పంచమన్నాడు. డబ్బా పట్టుకుని హారిస్ గదికి వెళ్లాను. అక్కడి చిన్న టీవీలోనూ అదే బొమ్మ. పడగొట్టే ముందు ఒక సైనికుడు విగ్రహం ముఖానికి అమెరికా జెండా కప్పాడు, దాన్నే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు.

"చూశావా? ఆ ముసుగు సద్దాంకు వేశారనుకుంటున్నావా? మాకు" అన్నాడు. స్వీటు ముట్టుకోలేదు.

పోనీ సద్దాం అంటే ఇష్టమా అంటే, థూ అన్నాడు. ఇరాన్-ఇరాక్ యుద్ధం రోజుల్లో అతను బాగ్దాద్‌లో తాపీ పని చేశాడు. టీవీలో కూలిన గోడ కనిపిస్తే ఆ వీధి పేరు చెప్పేవాడు. వాళ్ల నాన్న మాత్రం అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌ను తెగ మెచ్చుకునేవాడట: 1956లో ఈజిప్టు సూయెజ్ కాలువ మీద పడ్డ బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌ను ఒత్తిడి పెట్టి వెనక్కి పంపాడని. 1973లో ఈజిప్టు, ఇజ్రాయెల్ యుద్ధంలో అమెరికా విమానాల నిండా ఆయుధాలు ఇజ్రాయెల్‌కు చేరవేశాక ఆ మెచ్చుకోలు ఆగిపోయిందట.

మన టీవీ చర్చల్లో కూర్చునే పెద్దమనుషులు మాత్రం "వాళ్ల స్వేచ్ఛ, డబ్బు చూసి అరబ్బులకు కుళ్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. వీళ్లలో ఒక్కడైనా ఒక్క హారిస్‌తో టీ తాగి ఉంటాడా?

మాలాంటి పనివాళ్ల అభిప్రాయం ఎవరూ అడగరు, అది వేరే సంగతి. ఆ 2003 యుద్ధంలోనే మార్చి 29న అర్ధరాత్రి దాటాక కువైట్‌లో సూక్ షర్క్ మాల్ దగ్గర ఇరాక్ క్షిపణి పడింది. సైరన్ మోగితే, విషవాయువు భయానికి పై అంతస్తులో ప్లాస్టిక్ అతికించిన గది ఉంది, మాస్కులున్నాయి. కింద నాకూ హారిస్‌కూ తడి తువ్వాళ్లు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ఏడుపు. ఆ టెన్షన్‌లో ఎవరి విదేశాంగ విధానం మంచిదో ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

అన్నట్టు, ఆ హారిస్ ఏటా అమెరికా లాటరీ వీసాకు, అంటే లాటరీ తీసి అక్కడ స్థిరపడేందుకు ఇచ్చే వీసాకు, దరఖాస్తు పెట్టేవాడు. అప్పట్లో ఈజిప్టు వాళ్లకు ఆ అవకాశం ఉండేది, మన ఇండియా వాళ్లకు లేదు, ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ ఉంది. 2003 చివర్లో అది కాగితాల మీంచి ఆన్‌లైన్‌కు మారింది. ఇతనికి కంప్యూటర్ రాదు. ఫర్వానియాలో ఒక నెట్ సెంటర్‌కు నేనే తీసుకెళ్లి ఫారం నింపాను. ఫోటో తీసేముందు జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ శ్రద్ధగా దువ్వుకున్నాడు.

"వాళ్లను తిడతావు కదా, మళ్లీ ఇదేంటి?" అన్నాను.

"తిట్టేది బుష్‌ను. పంపేది నా కొడుకు చదువు కోసం. నువ్వు స్పెల్లింగు సరిగ్గా కొట్టు" అన్నాడు.